లుచేరాలో ఎనభై ఏళ్లు

దక్షిణ ఇటలీలోని ఫోజ్జాలో రైలెక్కితే ఇరవై నిమిషాల్లో లుచేరా వచ్చేస్తుంది. దూరం పద్దెనిమిది కిలోమీటర్లే. ఈ లైను 1887లో వేశారు, 1967లో జనం ఎక్కే బళ్లు ఆపేశారు, మళ్లీ 2009లో మొదలుపెట్టారు. నేను వెళ్లింది జూన్ చివరి వారంలో. గోధుమ కోతలు అయిపోయి, చేలన్నీ కొయ్యకాళ్లతో కనుచూపు మేర బల్లపరుపుగా ఉన్నాయి. ఆ మైదానాన్ని తావొలియేరె అంటారు. దాని పడమటి వైపు ఒక గుట్ట, గుట్ట మీద ఊరు, ఊరికి కాస్త ఎడంగా ఇంకొంచెం ఎత్తులో పొడుగ్గా ఒక కోట గోడ. రైలు దిగకముందే ఆ గోడ కనిపిస్తుంది. నేను వచ్చింది ఆ గోడ కోసమే.

అక్కడికి దక్షిణాన ఉన్న బారీ నగరంలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. లెక్కల మనిషిని, చరిత్ర చదువుకున్న మనిషిని కాదు. కానీ దక్షిణ ఇటలీ గురించి ఏదో చదువుతుంటే ఒకసారి ఒక విషయం కంటపడింది: 1300 ఆగస్టులో నేపుల్స్ రాజు తన రాజ్యంలోనే ఉన్న ఒక ఊరి జనాన్ని, తనకు పన్ను కట్టే, తన తరఫున యుద్ధాలకు వెళ్లే జనాన్ని, బానిసలుగా అమ్మేయించాడు. ఆ అమ్మకం గురించి రాజుగారి కార్యాలయం రాసిన ఉత్తర్వులు ఉన్నాయి. గోధుమలు ఏం చేయాలి, పశువుల్ని ఎవరికి అప్పజెప్పాలి, మనుషుల్ని ఎక్కడికి తోలుకెళ్లాలి. అది చదివాక కొన్ని రోజులు నాకు మనసు మనసులో లేదు. లెక్క రాసేవాడు ఎవడో ఒకడు కూర్చుని ఇదంతా రాసి ఉంటాడు కదా, ఆ మనిషి సంగతే పదే పదే గుర్తొచ్చేది. అప్పట్నుంచి ఈ ఊరు చూడాలని అనుకుంటూ ఉంటే ఇప్పటికి కుదిరింది.

ఊరి కథ చాలా పాతది. రోమన్లకు ముందు ఇక్కడ దౌనీలు అనే జనం ఉండేవాళ్లు. రోమ్‌కీ కొండప్రాంతపు సామ్నైట్‌లకూ యుద్ధాలు జరుగుతున్న రోజుల్లో ఈ గుట్ట ఎవరి చేతిలో ఉంటే మైదానం వాళ్లది. క్రీ.పూ. 321లో లుచేరాని సామ్నైట్‌లు ముట్టడించారని పశువుల కాపరుల వేషంలో ఉన్న మనుషులు రోమన్లకు అబద్ధం చెప్పారట, దాన్ని నమ్మి లుచేరా వాళ్లకు సాయం చేద్దామని దగ్గరదారిన బయల్దేరిన రోమన్ సైన్యం కొండల మధ్య ఇరుకు లోయలో ఇరుక్కుపోయి ఆయుధాలు అప్పగించి తలొంచుకుని బయటికి రావలసి వచ్చింది. రోమన్ చరిత్రలోనే అంత పెద్ద పరాభవాలు కొన్నే ఉన్నాయి. అప్పుడు తాకట్టుగా ఉంచుకున్న ఆరు వందల మంది రోమన్ ఆశ్వికుల్ని లుచేరాలోనే పెట్టారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. తర్వాత రోమన్లు ఊరిని పట్టుకున్నారు, ఊరు తిరగబడి దండుని సామ్నైట్‌లకు పట్టించింది, రోమన్లు మళ్లీ వచ్చి పట్టుకుని ఊళ్లో వాళ్లని చంపేశారు. ఇంత దూరంలో ఉన్న ఊరు మనకెందుకు, నేలమట్టం చేసేద్దామా అని రోమ్‌లో సెనేట్ చర్చించింది. చివరికి క్రీ.పూ. 314లో 2,500 మంది కొత్తవాళ్లని పంపి అక్కడ కాపురం పెట్టించారు.

లుచేరాలో మనుషుల్ని తీసేసి మనుషుల్ని పెట్టడం అప్పుడే మొదలైంది. తర్వాత ఇదే పని మరో మూడుసార్లు జరగబోతోంది.

ఊరికి తూర్పు వైపు పొలాల పక్కన రోమన్ల రంగస్థలం ఉంది, అండాకారంలో మెట్లు మెట్లుగా కట్టే ఆంఫీథియేటర్. 130 మీటర్లు పొడవు, 100 మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు, పదహారు వేల మందికి పైగా కూర్చోవచ్చని అంచనా. 1932లో బయటపడింది, అంతకుముందు దాని మీద చేలే ఉండేవి. ద్వారం మీద మార్కుస్ వెచీలియుస్ కాంపుస్ అనే ఆయన పేరు చెక్కి ఉంది. తన సొంత స్థలంలో సొంత డబ్బుతో, అగస్టస్ చక్రవర్తి గౌరవార్థం, లుచేరా కాలనీ గౌరవార్థం కట్టించానని ఆ రాత సారాంశం. అక్షరాలు ఇప్పటికీ నీట్‌గా చదవొచ్చు. రెండు వేల ఏళ్ల కింద ఒక మనిషి డబ్బు పెట్టి తన పేరు రాయించుకుంటే అది నిలబడింది. 1300లో అమ్మేసిన ఆ జనం ఈ ఊళ్లో ఎనభై ఏళ్లు బతికారు, ఆ వేలమంది పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు. ద్వారం ఎదురుగా నిలబడి నాకు ఇదే అనిపించింది.

రోమన్ల కాలంలో ఇక్కడి ఉన్నికి మంచి పేరు, రోమన్ కవి హోరేస్ పద్యంలో కూడా వస్తుంది. తర్వాత ఉత్తరం నుంచి లొంబార్డులనే జర్మన్ తెగ వచ్చింది. 663లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తూర్పు రోమన్ చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ సైన్యంతో దిగి ఊరిని నాశనం చేసి వెళ్లిపోయాడు. అదే ప్రయాణంలో రోమ్ వెళ్లి పాంథియన్ అనే పాత గుడి కప్పు మీది రాగిరేకులు కూడా ఊడబెరికించుకుపోయిన మనిషి ఆయన. అక్కడి నుంచి ఐదు వందల ఏళ్లకు పైగా లుచేరాలో పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. బిషప్ ఉన్నాడు, కొద్దిపాటి జనం ఉన్నారు, గుట్ట ఉంది.

ఇప్పుడు సిసిలీ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

సిసిలీ ద్వీపం తొమ్మిదో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లింల చేతికి వెళ్లింది. పదకొండో శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి గెలుచుకున్నారు. నార్మన్ రాజులు అరబ్బుల్ని వెళ్లగొట్టలేదు, వాళ్లతోనే కార్యాలయాలు నడిపించుకున్నారు, అరబిక్‌లో ఉత్తర్వులు రాయించారు. పలెర్మోలో ఆ కాలపు కట్టడాలు చూసినవాళ్లకి ఆ కలయిక ఎంత అందంగా ఉంటుందో తెలుసు. కానీ కింద నేల మీద బతికే రైతుల పరిస్థితి వేరు. వాళ్ల ఊళ్లు, వాళ్లతో సహా, చర్చి భూముల కింద రాసిచ్చేశారు. పలెర్మోలో దాడులు జరిగాయి, జనం పడమటి కొండల్లోకి పారిపోయారు, తిరగబడ్డారు. ఇలాంటి తిరుగుబాటు మధ్యలో రాజయినవాడు రెండో ఫ్రెడరిక్. 1194లో పుట్టాడు, తల్లి వైపు నార్మన్ రక్తం, తండ్రి వైపు జర్మన్ హోహెన్‌స్టాఫెన్ వంశం, చిన్నతనం పలెర్మోలో గడిచింది. 1220లో పవిత్ర రోమన్ చక్రవర్తి కిరీటం పెట్టుకుని సిసిలీకి వచ్చాడు. కొండల్లో తిరుగుబాటు నడిపిస్తున్న ఇబ్న్ అబ్బాద్‌ని 1222లో పట్టుకుని ఉరి తీయించాడు. అయినా పోరాటం ఆగలేదు. అప్పుడు చక్రవర్తికి తోచిన ఉపాయం ఏమిటంటే ఆ జనాన్ని కొండల్లోంచి దింపి, ఓడలెక్కించి, సముద్రం దాటించి, తన రాజ్యంలోనే ఇటలీ నేల మీదున్న, వాళ్లకు తెలిసినవాళ్లెవరూ లేని లుచేరా గుట్ట మీద పడేయడం.

1220ల్లో మొదలైన ఈ తరలింపు 1240ల దాకా విడతలు విడతలుగా సాగింది. మొత్తం ఎంతమంది అంటే పదిహేను నుంచి ఇరవై వేలు అని ఎక్కువమంది అంచనా, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. లుచేరానే ఎందుకు? సముద్రానికి దూరం, కాబట్టి ఆఫ్రికా నుంచి సాయం రాదు. చుట్టూ క్రైస్తవ ఊళ్లు, కాబట్టి పారిపోవడానికి చోటు లేదు. పక్కనే ఫోజ్జాలో చక్రవర్తి తన భవనం కట్టించుకుంటున్నాడు, కాబట్టి కళ్ల ముందే ఉంటారు. చుట్టూ గోధుమ నేల ఉంది, దున్నడానికి చేతులు కావాలి. అంతకుముందు లుచేరాలో ఉన్న క్రైస్తవులు చాలావరకు పక్కకు తప్పుకోవలసి వచ్చింది, అది వాళ్లకూ అన్యాయమే.

ఇక్కడ నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది, చెప్పేస్తాను. ఫ్రెడరిక్‌ని ఇప్పుడు అందరూ సహనశీలి అంటారు, కాలానికి ముందు పుట్టినవాడంటారు, అరబిక్ వచ్చు, గణితం ఇష్టం, డేగల వేట మీద పుస్తకం రాశాడు, జెరూసలేంని యుద్ధం లేకుండా మాటలతో తెచ్చుకున్నాడు అంటారు. అవన్నీ నిజమే. లుచేరాలో ముస్లింలకు మసీదులు ఉన్నాయి, వాళ్ల ఖాజీ వాళ్ల చట్టం ప్రకారం తగవులు తీర్చేవాడు, అదీ నిజమే. కానీ ఆ సహనం మొదలైంది ఇళ్లు ఖాళీ చేయించడంతో. పొలం, బావి, పూర్వీకుల సమాధులు, అన్నీ సిసిలీలో వదిలేసి వచ్చినవాళ్లకి ఇచ్చిన స్వేచ్ఛ అది. వాళ్లు చక్రవర్తి సొంత మనుషులు, అంటే ఆయన ఆస్తి. తలపన్ను కట్టాలి, పండిన పంటలో భాగం ఇవ్వాలి, పిలిస్తే విల్లు పట్టుకుని యుద్ధానికి రావాలి. తర్వాత 1300లో జరిగినదానికి చట్టపరమైన ఆధారం ఈ మాటలోనే ఉంది. మీరు రాజు సొత్తు అన్నారు కాబట్టే, ఇంకో రాజు ఆ సొత్తుని అమ్మగలిగాడు.

చక్రవర్తికి వాళ్ల అవసరం ఎంత ఉందో మరో కోణం నుంచి కూడా చూడాలి. పోప్‌కీ ఫ్రెడరిక్‌కీ జీవితాంతం గొడవే. 1227లో పోప్ ఆయన్ని మతం నుంచి వెలివేశాడు, తర్వాత మళ్లీ వేశాడు. వెలివేసిన రాజు కోసం పోరాడటానికి క్రైస్తవ సైనికుడు భయపడతాడు, నరకానికి పోతానేమోనని. లుచేరా విలుకాడికి ఆ టెన్షన్ లేదు. పోప్ మాట అతన్ని ఏమీ చేయలేదు. అందుకే 1237లో కోర్తెనువోవా యుద్ధంలోనూ, మిగతా ఉత్తరాది యుద్ధాల్లోనూ లుచేరా విలుకాళ్లు ముందు వరసలో ఉన్నారు. ఊళ్లో ఆయుధాలు చేసేవాళ్లు ఉండేవారు, తివాచీలు నేసేవాళ్లు ఉండేవారు, చక్రవర్తి వేట చిరుతల్ని సాకేవాళ్లు, ఒంటెల్ని చూసుకునేవాళ్లు ఉండేవారు. 1233 ప్రాంతంలో గుట్ట అంచున ఫ్రెడరిక్ తన కోసం చతురస్రంగా ఒక భవనం కట్టించుకున్నాడు. దాని అడుగుభాగమే ఇప్పుడు మిగిలింది, ఏటవాలు గోడలతో ఒక పెద్ద పీఠంలా ఉంటుంది. నేను దాని పక్కన నీడ వెతుక్కుని కూర్చున్నాను. ఎండ మండిపోతోంది, నీళ్ల సీసా ఖాళీ అయిపోయింది, అక్కడ నేనూ రెండు బల్లులూ తప్ప ఎవరూ లేం.

1250 డిసెంబర్ 13న ఫ్రెడరిక్ చనిపోయింది కూడా ఈ దగ్గర్లోనే, కాస్తెల్ ఫియొరెంతీనో అనే చోట. అది ఇప్పుడు పొలాల మధ్య శిథిలం.

తర్వాతి కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఉంది. 1254లో ఫ్రెడరిక్ కొడుకు మాన్‌ఫ్రెడ్, ధర్మపత్నికి పుట్టిన కొడుకు కాదు కాబట్టి వారసత్వం మీద గట్టి హక్కు లేనివాడు, పోప్ మనుషుల నుంచి తప్పించుకుంటూ కొద్దిమందితో కొండదారుల్లో పడి లుచేరా గుమ్మం ముందుకొచ్చాడు. ఊరి అధికారి పేరు జొవాన్ని మోరో, ఆఫ్రికా సంతతివాడు, ఫ్రెడరిక్ దర్బారులో కిందిస్థాయి నుంచి పైకొచ్చినవాడు. ఆయన పోప్‌తో బేరం కుదుర్చుకోవడానికి వెళ్లి ఉన్నాడు, తలుపు ఎవరికీ తీయొద్దని తన కింది మనిషితో ఒట్టు వేయించుకుని మరీ వెళ్లాడు. మాన్‌ఫ్రెడ్ మనిషి ఒకడు గోడ మీది కాపలావాళ్లతో అరబిక్‌లో చెప్పాడు, ఇదిగో మీ చక్రవర్తి కొడుకు, మీ గుమ్మం ముందు నిలబడ్డాడు అని. తాళాలు అధికారి మనిషి దగ్గరున్నాయి. గుమ్మం కింద మురుగునీరు పోయే తూము ఉంది, అందులోంచి పాక్కుంటూ రమ్మన్నారు కాపలావాళ్లు. మాన్‌ఫ్రెడ్ గుర్రం దిగి నేల మీద పడుకుని పాకడానికి సిద్ధపడ్డాడు. అది చూసి లోపలివాళ్లు తట్టుకోలేకపోయారు. మన దొర కొడుకు ఇలా మురుగుతూములోంచి రావడమా అని తలుపులు పగలగొట్టి, ఆయన్ని ఎత్తుకుని ఊళ్లోకి తీసుకెళ్లారు. ఆ రోజుల్లోనే రాసిన చరిత్రలో ఇది ఉంది. కొంచెం మసాలా కలిపి ఉండొచ్చు, రాసినాయన మాన్‌ఫ్రెడ్ పక్షం. కానీ ఖజానా లుచేరాలోనే ఉంది, ఆ డబ్బుతో సైన్యం కూడగట్టి కొద్ది వారాల్లోనే ఫోజ్జా దగ్గర పోప్ సైన్యాన్ని ఓడించాడు, అది మాత్రం గట్టి నిజం. నాలుగేళ్లకు, 1258లో, పలెర్మోలో రాజయ్యాడు.

సిసిలీ నుంచి ఈడ్చుకొచ్చిన చక్రవర్తి కొడుక్కి ఆ జనం తలుపు ఎందుకు పగలగొట్టి తీశారు? నేను దీని గురించి చాలా ఆలోచించాను. అప్పటికి ముప్పై ఏళ్లయింది. తరలించినప్పటి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, లుచేరాలోనే పుట్టినవాళ్లు పెళ్లీడుకొచ్చారు. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ వాళ్లని శత్రువుల్లా చూస్తాయి. ఆ వంశం ఉంటేనే వాళ్లుంటారు, ఆ వంశం పోతే వాళ్లకు దిక్కు లేదు. దీన్ని విశ్వాసం అనండి, వేరే దారి లేకపోవడం అనండి, రెండూ కలిసే ఉంటాయి.

1261లో ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ పంపిన రాయబారిగా సిరియా పండితుడు ఇబ్న్ వాసిల్ మాన్‌ఫ్రెడ్ దగ్గరికి వచ్చాడు. తను బస చేసిన చోటికి దగ్గర్లో లుచేరా అనే ఊరుందని, అక్కడివాళ్లంతా సిసిలీ నుంచి వచ్చిన ముస్లింలేనని, శుక్రవారం నమాజు బాహాటంగా జరుగుతుందని, రాజు అక్కడ ఒక విద్యాలయం కట్టడం మొదలుపెట్టాడని, రాజు శిబిరంలోనే అజాన్ వినిపిస్తుందని ఆయన రాశాడు. ఇటలీ నడిబొడ్డున ఇది విని ఎంత ఆశ్చర్యపోయి ఉంటాడో. ఆ విద్యాలయం ఎక్కడ కట్టారో ఊళ్లో ఆనవాలు లేదు.

1266 ఫిబ్రవరి 26న బెనెవెంతో దగ్గర మాన్‌ఫ్రెడ్ యుద్ధంలో చనిపోయాడు. పోప్ పిలిచి తెచ్చిన ఫ్రెంచ్ రాజు తమ్ముడు, ఆంజూ చార్లెస్, రాజ్యం తీసుకున్నాడు. లుచేరా లొంగింది. కానీ రెండేళ్లకు ఫ్రెడరిక్ మనవడు కొన్రాడిన్, పదహారేళ్ల కుర్రాడు, జర్మనీ నుంచి సైన్యంతో వస్తున్నాడని తెలియగానే మళ్లీ తిరగబడింది. కొన్రాడిన్ 1268 ఆగస్టులో తల్యకొత్సో దగ్గర ఓడిపోయాడు, అక్టోబర్‌లో నేపుల్స్ సంతబజారులో తల నరికేశారు. ఇంక ఆ వంశంలో నిలబడేవాడు ఎవడూ లేడు. అయినా లుచేరా తలుపు తీయలేదు. ఇంకో పది నెలలు! చార్లెస్ స్వయంగా వచ్చి ముట్టడిలో కూర్చున్నాడు. లోపల తిండి అయిపోయి గడ్డి తిన్నారని రాశారు. 1269 ఆగస్టు చివర్లో లొంగిపోయారు. వాళ్లతో కలిసి పోరాడిన క్రైస్తవ తిరుగుబాటుదారుల్ని చార్లెస్ చంపించాడు. ముస్లింలని మాత్రం బతకనిచ్చాడు, పన్ను బాగా పెంచి. ఆ విలుకాళ్లూ ఆ రైతులూ ఆ పన్నూ అతనికీ కావాలి.

కానీ నమ్మకం లేదు. అందుకే ఈ గోడ.

ఫ్రెడరిక్ భవనాన్ని లోపల పెట్టి చుట్టూ తొమ్మిది వందల మీటర్ల పొడవున చార్లెస్ కట్టించిన ప్రాకారం ఇది. బురుజులు, ఊరి వైపు మూలల్లో రెండు గుండ్రటి గోపురాలు. పెద్దదాన్ని ఆడసింహం గోపురం అంటారు. ఊరు వైపు నిలబడి చూస్తే తెలుస్తుంది, ఈ కోట బయటి శత్రువు కోసం కట్టింది కాదు. ఊరికీ కోటకీ మధ్య లోతైన కందకం. అది ఊరి మీద నిఘా. లోపల దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ నుంచి తెచ్చిన కుటుంబాలని కాపురం పెట్టించాడు. రోమన్ల తర్వాత, ఫ్రెడరిక్ తర్వాత, బయటినుంచి మనుషుల్ని తెచ్చి దింపడం ఇది మూడోసారి. ఇక్కడికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో కొండల్లో ఫయేతో, చెల్లె దీ సాన్ వీతో అనే రెండు చిన్న ఊళ్లున్నాయి. అక్కడివాళ్లు ఇప్పటికీ ఇంట్లో ఫ్రెంచ్‌కి దగ్గరి బంధువైన ఒక భాష మాట్లాడతారు. లుచేరాకి చార్లెస్ తెచ్చిన ఆ జనం సంతతే ఈ రెండు ఊళ్లని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు.

చార్లెస్ కింద, తర్వాత అతని కొడుకు రెండో చార్లెస్ కింద, లుచేరా ముస్లింలు ముప్పై ఏళ్లు బుద్ధిగా ఉన్నారు. 1282లో సిసిలీ ఆంజూ రాజుల మీద తిరగబడి స్పెయిన్ వైపున్న అరగాన్ రాజు చేతికి వెళ్లిపోయింది. ఆ యుద్ధంలో లుచేరా విలుకాళ్లు ఆంజూ రాజుల తరఫున పోరాడారు. తమ తాతల నేల అయిన సిసిలీ మీదికి, తమని గడ్డి తినిపించిన వంశం తరఫున. వాళ్లలో అబ్దుల్ అజీజ్ లాంటి పెద్దలకు రాజు నైట్ హోదా కూడా ఇచ్చాడు.

ఇరవై ఏళ్ల యుద్ధంతో రెండో చార్లెస్‌కి అప్పులు పీకల దాకా వచ్చాయి, ఫ్లోరెన్స్ బ్యాంకర్లకు బాకీలు. ఈయన 1289లోనే తన ఫ్రెంచ్ జాగీర్లు ఆంజూ, మేన్‌ల నుంచి యూదుల్ని వెళ్లగొట్టినవాడు. 1300 ఆగస్టులో, పోప్ రోమ్‌లో మొదటి జూబిలీ, అంటే పాపాలకు క్షమాపణ దొరికే పుణ్యవత్సరం, జరుపుతున్న ఏడాదే, బార్లెత్తాకి చెందిన జొవాన్ని పిపీనో అనే తన అధికారిని సైన్యంతో పంపాడు. పిపీనో నోటరీ వృత్తిలోంచి వచ్చినవాడు, కాగితాల మనిషి. లుచేరా కొద్ది రోజుల్లోనే అతని చేతిలో పడింది. రాజు చెప్పిన కారణం మతం, క్రైస్తవ రాజ్యం మధ్యలో అవిశ్వాసులు ఉండకూడదని. ఉంటే ఉండొచ్చు ఆ భక్తి. కానీ ముప్పై ఏళ్లకు పైగా ఆ వంశం పన్ను తీసుకున్నప్పుడు లేని మతం ఖజానా ఖాళీ అయ్యాక గుర్తుకొచ్చిందంటే, లెక్కలు చూసే నాకు నమ్మబుద్ధి కాదు. ధాన్యం, పశువులు, ఇళ్లు, అన్నీ రాజు పరం. మనుషుల్ని గుంపులు గుంపులుగా తోలుకెళ్లి అమ్మారు. వేలమందిని. దారిలో జనం మీదపడి కొడుతుంటే, దోచుకుంటుంటే, అలా చేయొద్దని రాజు ఉత్తర్వులు పంపాడు. జాలితో కాదు. సరుకు పాడైతే ధర రాదు.

మతం మారినవాళ్లు కొందరు మిగిలారు. అబ్దుల్ అజీజ్ నికోలా అయ్యాడు.

ఊరి పేరు మార్చేశారు, చీవితాస్ శాంక్తే మరియే, అంటే మేరీమాత నగరం. నాలుగోసారి కొత్త జనాన్ని పిలిచారు, ఇళ్లు పొలాలు ఇస్తాం రండని. పెద్ద మసీదు ఉన్న చోటే కట్టారని చెప్పే కేథడ్రల్ ఊరి నడుమ ఉంది. లోపలికి వెళ్లాను. చల్లగా, పొడుగ్గా, ఏ ఆడంబరమూ లేకుండా ఉంటుంది, నిజంగా అందమైన కట్టడం. ప్రాచీన కాలపు ఆకుపచ్చ రాతి స్తంభాలు తెచ్చి వాడారు. బలిపీఠం పలక కాస్తెల్ ఫియొరెంతీనోలో ఫ్రెడరిక్ భోజనాల బల్ల అని అక్కడివాళ్లు చెప్తారు. ఒక పెద్దావిడ ముందు వరసలో కూర్చుని జపమాల తిప్పుకుంటోంది. నన్ను చూసి ఎక్కణ్ణుంచి వచ్చావమ్మా అన్నట్టు అడిగింది, ఇండియా నుంచి అన్నాను. ఆగస్టులో రా, మా శాంతా మరియా పండగ చూడాలి అంది. ఆవిడ మీద నాకేం కోపం ఉంటుంది? ఆవిడ పూర్వీకులూ ఎవరో పిలిస్తే వచ్చి ఖాళీ ఇళ్లలో కాపురం పెట్టినవాళ్లే అయ్యుంటారు. కానీ ఆగస్టు అనగానే గొంతు పట్టేసింది, ఏమీ చెప్పలేక తలూపి వచ్చేశాను.

తర్వాతి రాజుల గురించి గబగబా చెప్పేస్తాను. 1442లో అరగాన్ అల్ఫోన్సో నేపుల్స్ గెలిచాడు, గొర్రెల మందల మీద పన్ను వసూలు చేసే కార్యాలయం మొదట లుచేరాలో పెట్టి 1468లో ఫోజ్జాకి మార్చారు. స్పెయిన్ పాలన, కొన్నాళ్లు ఆస్ట్రియా, తర్వాత బూర్బన్ వంశపు రాజులు. 1806లో ఫ్రెంచివాళ్లు జిల్లా రాజధాని హోదా కూడా తీసి ఫోజ్జాకి ఇచ్చారు. బదులుగా ఊరికి మిగిలింది కోర్టు, అదీ 2013లో మూసేశారు. 1861లో ఇటలీ దేశం. 1944లో పక్కనే అమెరికా బాంబర్ విమానాల స్థావరం. ఇప్పుడు ముప్పై వేల మంది ఉంటారు. శాంతా మరియా అనే పేరు ఊరికి అతకలేదు, జనం లుచేరా అనే పిలుస్తూ వచ్చారు, చివరికి అదే నిలిచింది.

ఆ ఉత్తర్వుల సంగతి చెప్పి ముగిస్తాను. ఆంజూ రాజుల కార్యాలయం రిజిస్టర్లన్నీ నేపుల్స్ ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో వందల సంపుటాలుగా ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల నుంచి కాపాడాలని వాటిని నోలా దగ్గర సాన్ పావొలో బెల్సీతో అనే ఊళ్లో ఒక భవనంలోకి తరలించారు. 1943 సెప్టెంబర్ 30న జర్మన్ సైనికులు వచ్చి ఆ భవనానికి నిప్పు పెట్టారు. ఏడు వందల ఏళ్లు నిలిచిన కాగితాలు కాలిపోయాయి. కానీ పియెత్రో ఎజీది అనే చరిత్రకారుడు అంతకుముందే ఆ రిజిస్టర్లు తిరగేసి, లుచేరా ముస్లింల గురించి 1285 నుంచి ఉన్న పత్రాలు ఏరి, కాపీ చేసి 1917లో నేపుల్స్‌లో అచ్చు వేయించాడు. ఊరు పడిన తర్వాతి నలభై ఏళ్ల పత్రాలు కూడా అందులో ఉన్నాయి, ఎందుకంటే అమ్మిన మనుషుల లెక్కలు, వాళ్ల ఆస్తుల తగాదాలు అంతకాలం సాగాయి.

బారీలో ఒక లైబ్రరీలో ఆ పుస్తకం అడిగి తెప్పించుకున్నాను. నాకు లాటిన్ రాదు. అయినా పేజీలు తిప్పాను, పేర్లయితే చదవగలను కదా. అరబిక్ పేర్లని లాటిన్ గుమస్తా తన చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆ పేర్లు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను, శనివారాలు వెళ్తున్నాను, ఇంకా చాలా పేజీలు ఉన్నాయి.